రెడ్ ఫ్యాక్షన్ గెరిల్లా: కనిపించిన ప్రతి బిల్డింగ్‌నూ కూల్చేయొచ్చు.. 2009 నాటి ఈ గేమ్‌ను ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

వీడియో గేముల్లో ఒక విచిత్రం ఎప్పుడైనా గమనించారా? హీరో చేతిలో రాకెట్ లాంచర్ ఉంటుంది. దాంతో హెలికాప్టర్‌ను కూల్చేయొచ్చు, ట్యాంకును పేల్చేయొచ్చు. అదే రాకెట్‌ను పక్కనే ఉన్న చిన్న షెడ్డు మీద వేస్తే మాత్రం గోడ మీద ఓ నల్ల మచ్చ పడుతుంది. కాసేపటికి అదీ మాయం. షెడ్డు మాత్రం చెక్కుచెదరదు. జీటీఏ 5 లాంటి భారీ గేమ్‌లో కూడా బిల్డింగులు అంతే.. చుట్టూ తిరగడానికే తప్ప పగలగొట్టడానికి కాదు.

ఈ రూల్‌ను పూర్తిగా పక్కన పడేసిన గేమ్ ఒకటుంది. అదే 'రెడ్ ఫ్యాక్షన్: గెరిల్లా'. 2009 జూన్‌లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పీసీకి వచ్చింది. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం, షాంపేన్ అనే ఊళ్లో ఉన్న వొలిషన్ స్టూడియో తయారు చేస్తే, టీహెచ్‌క్యూ రిలీజ్ చేసింది. ఇందులో మనుషులు కట్టిన దాదాపు ప్రతిదాన్నీ కూల్చేయొచ్చు. గోడ, పిల్లర్, వంతెన, పొగగొట్టం, వాచ్ టవర్.. ఏదైనా సరే.

కూలిపోయే సీన్ల క్లిప్పులు మీరు ఫోన్‌లో చూసే ఉంటారు. పది సెకన్ల వీడియో, పెద్ద టవర్, ఢాం.. అంతే. కానీ ఆ పది సెకన్లు చూసి ఈ గేమ్ ఇంతే అనుకుంటే పొరపాటే. అసలు ఆట అంతా ఆ ఢాంకు ముందు ఐదు నిమిషాల్లో ఉంటుంది.

'ఫ్యాక్షన్' అంటే మన ఫ్యాక్షన్ కాదు

ఫ్యాక్షన్ అనగానే మనకు సుమోలు, నాటు బాంబులు, సీమ బ్యాక్‌డ్రాప్ సినిమాలు గుర్తొస్తాయి. ఇక్కడ రెడ్ ఫ్యాక్షన్ అంటే అంగారక గ్రహం మీద గని కార్మికుల తిరుగుబాటు దళం పేరు. ఎర్ర గ్రహం కాబట్టి రెడ్.

ఈ సిరీస్‌లో మొదటి గేమ్ 2001లో వచ్చింది. అల్టార్ అనే కార్పొరేట్ కంపెనీ మార్స్ గనుల్లో కార్మికులను పీడిస్తుంటే, పార్కర్ అనే కార్మికుడు ఎదురు తిరుగుతాడు. అప్పుడు కార్మికుల పక్షాన వచ్చి కాపాడిన సైన్యం పేరు ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్, షార్ట్‌గా ఈడీఎఫ్. 'గెరిల్లా' కథ ఆ తర్వాత సుమారు 50 ఏళ్లకు, 2125లో మొదలవుతుంది. భూమి మీద వనరులు తగ్గిపోతున్నాయి. మార్స్ నుంచి ఖనిజాలు ఎలాగైనా తవ్వి పంపాల్సిందే. దాంతో ఒకప్పుడు కాపాడటానికి వచ్చిన ఈడీఎఫ్ వాళ్లే ఇప్పుడు జనం నెత్తిన కూర్చుంటారు. చెక్‌పోస్టులు, సోదాలు, అరెస్టులు.

మన హీరో పేరు అలెక్ మేసన్. మైనింగ్ ఇంజినీర్. పని కోసం మార్స్‌కు వస్తాడు. వచ్చీ రాగానే తమ్ముడు డేనియల్ రిమోట్ బాంబులు ఎలా పెట్టాలో, శిథిలాల నుంచి పనికొచ్చే తుక్కు ఎలా ఏరుకోవాలో చూపిస్తాడు. గేమ్‌లో ట్యుటోరియల్ అదే. అది ముగిసేసరికి ఈడీఎఫ్ గన్‌షిప్ వచ్చి డేనియల్‌ను కాల్చి చంపేస్తుంది. మేసన్ రెడ్ ఫ్యాక్షన్‌లో చేరిపోతాడు. కథ గురించి ఇంతకన్నా పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే కథ యావరేజ్. డైలాగులు కూడా అంతంతమాత్రమే.

ఒక పాత్ర పేరు మాత్రం తెలుగువాళ్లకు ఠక్కున తగులుతుంది. ఆయుధాలు తయారు చేసి ఇచ్చే టెక్నీషియన్ పేరు సమాన్య. పేరు వింటే మన 'సామాన్యులు' గుర్తొస్తారు కానీ, ఈమె మాత్రం అసామాన్యురాలే. 'డీమన్స్ ఆఫ్ ది బ్యాడ్‌ల్యాండ్స్' అనే అదనపు ప్యాక్‌లో ఈమె ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది.

బిల్డింగ్ నిజంగా ఎలా కూలుతుంది?

ఇదే అసలు మ్యాటర్. చాలా గేముల్లో బిల్డింగ్ కూలడం అంటే ముందే రెడీ చేసి పెట్టిన యానిమేషన్. మీరు ఎక్కడ కొట్టినా అదే వైపు, అదే తీరులో పడుతుంది. సినిమాలో సెట్ పేల్చినట్టు.

'గెరిల్లా'లో అలా కాదు. వొలిషన్ దీని కోసం జియోమాడ్ 2.0 అనే సొంత టెక్నాలజీ వాడింది. సింపుల్‌గా చెప్పాలంటే.. ప్రతి బిల్డింగ్ చాలా ముక్కలుగా తయారై ఉంటుంది. ఒక్కో ముక్క పక్క ముక్కకు అతుక్కుని ఉంటుంది. ఏ ముక్క మీద ఎంత బరువు పడుతోందో గేమ్ లెక్క వేస్తూ ఉంటుంది. మీరు ఒక పిల్లర్ కొట్టేస్తే, దాని మీదున్న బరువు మిగతా పిల్లర్ల మీదకు వెళ్తుంది. అవి మోయగలిగితే బిల్డింగ్ నిలబడుతుంది. మోయలేకపోతే ఒకదాని తర్వాత ఒకటి తెగుతాయి. ఏ వైపు బలహీనంగా ఉంటే ఆ వైపు కూలుతుంది. అందుకే ఒకే బిల్డింగ్‌ను ఇద్దరు కూలిస్తే రెండు రకాలుగా పడుతుంది.

ఇందులో ఒక ఫన్నీ విషయం ఉంది. ఈ సిస్టమ్ పనిచేయడం మొదలయ్యాక, స్టూడియోలో ఆర్టిస్టులు అందంగా డిజైన్ చేసిన కొన్ని బిల్డింగులు ఎవరూ ముట్టుకోకుండానే కూలిపోయాయట. చూడటానికి బాగున్నాయి కానీ, మోయడానికి కింద సరైన ఆధారం లేదు. దాంతో నిజమైన ఇంజినీర్‌లాగే పిల్లర్లు, బీములు ఎక్కడ ఉండాలో ఆలోచించి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

ఇదంతా విన్నాక నోయిడా ట్విన్ టవర్స్ గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. 2022 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు దాదాపు 100 మీటర్ల ఎత్తున్న ఆ రెండు టవర్లను కూల్చేయడం దేశమంతా లైవ్‌లో చూసింది. సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థాలు వాడితే పది సెకన్లలోపే నేలమట్టం అయ్యాయి. అక్కడ బాంబులు బయట గోడల మీద పెట్టలేదు. పిల్లర్లకు వేల సంఖ్యలో రంధ్రాలు చేసి లోపల పెట్టారు. బిల్డింగ్‌ను కూల్చింది పేలుడు మాత్రమే కాదు, ఆధారం పోయాక దాని సొంత బరువే. ఈ గేమ్ ఆటగాడికి నేర్పేది సరిగ్గా ఇదే.

అలాగని అంతా నిజ జీవితంలా ఉంటుందనుకోవద్దు. కొన్నిసార్లు మూడంతస్తుల బిల్డింగ్ మొత్తం ఒక్క మూలనున్న ఇనుప కమ్మీ మీద గాల్లో నిలబడిపోతుంది. చూస్తే నవ్వొస్తుంది. ఆ కమ్మీని ఒక్క దెబ్బ వేస్తే అప్పుడు దిగుతుంది. ఇంకో లోటు ఏంటంటే.. 2001 నాటి మొదటి గేమ్‌లో రాకెట్లతో రాతిలో సొరంగాలు తవ్వుకుంటూ పోవచ్చు. 'గెరిల్లా'లో ఆ ఫీచర్ తీసేశారు. కొండలు, నేల పగలవు. కట్టినవి మాత్రమే కూలతాయి. రెండూ కావాలనుకునే పాత అభిమానులకు ఇది ఇప్పటికీ కాస్త వెలితే.

ఎలా ఆడాలి? సమ్మెటతో మొదలుపెట్టండి

మీ దగ్గర నాలుగు ఆయుధాలు ఉంటాయి. అందులో ఒకటి ఎప్పుడూ పర్మినెంట్, అదే సమ్మెట. మిగతా మూడు సేఫ్ హౌస్‌కు వెళ్లి మార్చుకోవచ్చు. కొత్తగా ఆడేవాళ్లు తుపాకీ వెంట పడతారు. అది వద్దు. ఈ గేమ్‌లో తుపాకీ కాల్చడం సాదాసీదాగానే ఉంటుంది. సమ్మెటకు బుల్లెట్లు అక్కర్లేదు, అయిపోదు, మనిషికైనా గోడకైనా ఒకటే.

మొదటి గంటలో తప్పకుండా ఒకటి ట్రై చేయండి. ఒక బిల్డింగ్‌లోకి వెళ్లండి. ఈడీఎఫ్ సైనికులు గుమ్మం ముందు కాపు కాసేదాకా ఆగండి. తర్వాత వెనక గోడను మూడు దెబ్బలు కొట్టి బయటికి వచ్చేయండి. గుమ్మం అనేది ఇక్కడ ఒక సలహా మాత్రమే! ఇది ఒక్కసారి బుర్రకెక్కితే మిగతా గేముల్లో తాళం వేసిన తలుపు ముందు నిలబడాలంటే చిరాకొస్తుంది.

కానీ లోపలుండి పిల్లర్లు కొట్టేటప్పుడు జాగ్రత్త. స్లాబ్ మీ నెత్తిన పడితే మీరూ పోతారు. బిల్డింగ్ బరువు తట్టుకోలేని దశకు వచ్చినప్పుడు కిర్రుకిర్రుమని శబ్దం వస్తుంది. ఆ సౌండ్ వినిపిస్తే ఇంకో దెబ్బ వేద్దాంలే అనుకోకండి, పరుగెత్తండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఇది బాగా తెలుస్తుంది.

రిమోట్ బాంబులు మొదట్లో తక్కువే ఉంటాయి. అందుకే బయట గోడలకు అంటించి వేస్ట్ చేసుకోవద్దు. గోడ పోతే గోడే పోతుంది, పైకప్పు ఉంటుంది. ముందు సమ్మెటతో ఒక కంత చేసి లోపలికి వెళ్లి, మూలల్లో ఉన్న పిల్లర్లు చూసుకోండి. ఒక వైపు పిల్లర్లకే బాంబులు పెడితే బిల్డింగ్ ఆ వైపు కూలుతుంది. పొడవైన పొగగొట్టం లాంటిదైతే, మొదట్లో ఒక పక్కన కొడితే అది పడి పక్కనున్న రెండో బిల్డింగ్‌ను కూడా నొక్కేస్తుంది. ఒక బాంబుకు రెండు పనులు. ఇంకా డబ్బు ఆదా కావాలంటే పెద్ద లారీ ఒకటి పట్టుకుని గ్రౌండ్ ఫ్లోర్ గుండా దూసుకుపోండి. లారీ పోయినా ఫర్వాలేదు, సగం పని అయిపోతుంది.

కూల్చిన చోట తుక్కు మిగులుతుంది. గేమ్‌లో దాన్ని సాల్వేజ్ అంటారు. అదే ఇక్కడ కరెన్సీ. దాంతో సమాన్య దగ్గర కొత్త ఆయుధాలు, అప్‌గ్రేడ్లు కొనుక్కోవచ్చు. తర్వాత్తర్వాత వచ్చే నానో రైఫిల్ అయితే తగిలిన చోట గోడను కరిగించేస్తుంది. ఇనుప పిల్లర్ల మీద వాడితే దీనికి మించింది లేదు. ముందుగా ఏది కొనాలని అడిగితే మాత్రం.. ఒకేసారి పెట్టగలిగే బాంబుల సంఖ్య పెంచే అప్‌గ్రేడ్ తీసుకోండి.

'డెమాలిషన్స్ మాస్టర్' అనే చిన్న మిషన్లు మ్యాప్ అంతా ఉంటాయి. వీటిని స్కిప్ చేయొద్దు. ఒక బిల్డింగ్ చూపించి, పరిమితంగా సామాను, కొంచెం టైమ్ ఇస్తారు. ఇచ్చిన దాంతోనే కూల్చాలి. మొదటిసారి చూడగానే అసాధ్యం అనిపిస్తుంది. చుట్టూ ఒక రౌండ్ వేసి బరువంతా ఎక్కడ ఆగుతోందో కనిపెడితే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. చిన్నప్పటి పజిల్ పుస్తకాల్లో ఉండే మజా ఇందులో ఉంది. నా లెక్కలో గేమ్ మొత్తంలో బెస్ట్ పార్ట్ ఇదే.

ఇష్టమొచ్చినట్టు కూలిస్తే కుదరదు

మార్స్ మ్యాప్ పార్కర్, డస్ట్, బ్యాడ్‌ల్యాండ్స్, ఒయాసిస్, ఈయోస్ లాంటి సెక్టార్లుగా ఉంటుంది. ఒక్కో సెక్టార్‌లో రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి కంట్రోల్, అంటే ఈడీఎఫ్ పట్టు ఎంత ఉంది అన్నది. వాళ్ల బిల్డింగులు కూల్చేకొద్దీ ఇది తగ్గుతుంది. సున్నాకు తెస్తే ఆ సెక్టార్‌ను విడిపించే ఆఖరి మిషన్ ఓపెన్ అవుతుంది. రెండోది మొరేల్, అంటే జనంలో ధైర్యం. ఇది బాగుంటే మీరు ఈడీఎఫ్‌తో తలపడినప్పుడు మామూలు జనం కూడా తుపాకులు పట్టుకుని మీ పక్కన నిలబడతారు.

చిక్కు ఇక్కడే వస్తుంది. మీరు కూల్చిన బిల్డింగ్ కింద పడి మామూలు మనుషులు చనిపోతే మొరేల్ పడిపోతుంది. మీ వెంట వచ్చిన గెరిల్లాలు చనిపోయినా అంతే. బందీలను విడిపించే మిషన్లలో ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. గోడ పగలగొట్టి లోపలికి వెళ్లడం సులువే. కానీ నాలుగు బాంబులు ఎక్కువ పెడితే, ఎవరి కోసం వచ్చామో వాళ్ల మీదే స్లాబ్ పడుతుంది. మిషన్ ఫెయిల్.

గెరిల్లా అనే మాటకు అర్థం కూడా ఇదే కదా.. కొట్టి, మాయమై, జనంలో కలిసిపోవడం. జనమే లేకపోతే కలిసిపోవడానికి చోటు ఉండదు. అందుకే ఎంత పెద్ద టార్గెట్ అయినా కాసేపు దూరం నుంచి చూసి, కార్మికులు ఎటు నడుస్తున్నారు, బిల్డింగ్ ఎటు పడితే రోడ్డు మీద పడదు అన్నది అంచనా వేసుకోవాలి. ఈ ఆలోచన లేకుండా ఆడేవాళ్లకు గేమ్ ఒంటరిగా, కష్టంగా మారిపోతుంది. ఈడీఎఫ్ దళాలు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, సాయానికి ఒక్కరూ రారు.

ఇంత బాగుంటే మరి అందరూ ఎందుకు చేయలేదు?

ఖర్చు ఒక కారణం. కూలే ప్రతి ముక్కకూ లెక్క కట్టాలి. ఆ పని ప్రధానంగా చేసేది ప్రాసెసర్. అదే సమయంలో శత్రువుల కదలికలు, వాహనాలు కూడా దాని మీదే నడవాలి. కానీ అసలు సమస్య టెక్నాలజీ కన్నా గేమ్ డిజైన్‌లో ఉంది.

ఒక డిజైనర్ కోణంలో చూడండి. మామూలు గేమ్‌లో ఆటగాడు ఈ తలుపు నుంచి వస్తాడు, ఆ మెట్లెక్కుతాడు, అక్కడ విలన్ ఎదురవుతాడు అని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇక్కడ ఆటగాడు తలుపు నుంచి రాడు. మెట్లు ఉండకపోవచ్చు. విలన్ నిలబడాల్సిన అంతస్తే ఉండకపోవచ్చు! శత్రు సైనికుడికి కూడా 'నిన్నటి దారి ఇప్పుడు లేదు, నువ్వు నిలబడ్డ స్లాబ్ ఇంకో సెకనులో పడిపోతుంది' అని తెలిసేలా ప్రోగ్రామ్ చేయాలి. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడైతే, ఒకరి స్క్రీన్ మీద కూలిన గోడ మిగతా అందరి స్క్రీన్ల మీదా అలాగే కూలాలి. లేకపోతే ఒకరు గోడ చాటున ఉన్నాననుకుంటారు, ఇంకొకరికి ఆ గోడే ఉండదు.

చివరికి వొలిషన్ కూడా వెనక్కి తగ్గింది. 2011లో వచ్చిన 'రెడ్ ఫ్యాక్షన్: ఆర్మగెడ్డన్'లో ఓపెన్ వరల్డ్ తీసేసి, కథను నేల కిందున్న గుహల్లోకి తీసుకెళ్లారు. ఒకే దారిలో సాగే గేమ్ అయిపోయింది. సరిగ్గా అమ్ముడుపోలేదు. సిరీస్‌ను ఇక కొనసాగించబోమని టీహెచ్‌క్యూ అదే ఏడాది చెప్పేసింది. 2012 డిసెంబర్‌లో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. 2013లో ఆస్తులు ముక్కలుగా వేలం వేస్తే.. స్టూడియో ఒకరికి, రెడ్ ఫ్యాక్షన్ హక్కులు ఇంకొకరికి వెళ్లాయి. అంటే గేమ్ చేసినవాళ్లు ఒకచోట, గేమ్ పేరు మరోచోట. ఏళ్ల తర్వాత రెండూ ఎంబ్రేసర్ గ్రూప్ గొడుగు కిందకు చేరినా కొత్త గేమ్ మాత్రం రిలీజ్ కాలేదు. 2023 ఆగస్టు 31న వొలిషన్ స్టూడియోనే ఎంబ్రేసర్ మూసేసింది. మూడు దశాబ్దాల చరిత్ర ఉన్న సంస్థ, ఒక్క ప్రకటనతో క్లోజ్.

ఆ పని తెలిసినవాళ్లు అక్కడితో ఆగిపోలేదు. 'గెరిల్లా'కు పనిచేసిన ఒక డెవలపర్ సొంతంగా 'ఇన్‌స్ట్రుమెంట్స్ ఆఫ్ డిస్ట్రక్షన్' అనే గేమ్ చేశారు. అందులో కూల్చే యంత్రాలను మనమే తయారు చేసుకోవచ్చు. స్వీడన్‌కు చెందిన చిన్న టీమ్ చేసిన 'టియర్‌డౌన్' 2022లో పూర్తి స్థాయిలో రిలీజైంది. అందులో ప్రపంచం అంతా చిన్న చిన్న ఘనాలతో తయారై ఉంటుంది, దొంగతనానికి ముందే గోడలు పగలగొట్టి దారి సిద్ధం చేసుకోవాలి. స్వీడన్ నుంచే 2023 డిసెంబర్‌లో వచ్చిన 'ది ఫైనల్స్' ఆన్‌లైన్ సమస్యను వేరేలా పరిష్కరించింది. కూలే లెక్కంతా ఆటగాళ్ల మెషీన్లలో కాకుండా సర్వర్‌లోనే జరుగుతుంది కాబట్టి అందరికీ ఒకే శిథిలం కనిపిస్తుంది. అది ఫ్రీ గేమ్ కూడా. కానీ ఓపెన్ వరల్డ్‌లో తిరుగుతూ, జనం ధైర్యం కూడా లెక్కేసుకుంటూ కూల్చే ఆట కావాలంటే మాత్రం మళ్లీ పాత మార్స్‌కే వెళ్లాలి.

ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

ముందే చెప్తున్నాం, ఇది ఆండ్రాయిడ్, ఐఫోన్ గేమ్ కాదు. ఆ పేరుతో ఏపీకే ఫైల్ ఎవరైనా పంపితే డౌన్‌లోడ్ చేయకండి. 2018 జూలైలో 'రీ-మార్స్-టర్డ్' పేరుతో మెరుగైన గ్రాఫిక్స్ ఉన్న వెర్షన్ పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద వచ్చింది. ఏడాది తర్వాత నింటెండో స్విచ్‌కు కూడా వచ్చింది. కొత్తగా కొనేవాళ్లు ఇదే తీసుకోవడం మంచిది. పాత గేమ్ కాబట్టి స్టీమ్ సేల్ టైమ్‌లో చూస్తే జేబుకు భారం ఉండదు. అమెరికాలో దీనికి ఎమ్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్లు పైబడిన వాళ్లకు. హింస, బూతులు ఉన్నాయి కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలుంటే చూసుకోండి.

మల్టీప్లేయర్‌లో 'రీకన్‌స్ట్రక్టర్' అనే ఒక గమ్మత్తైన ఆయుధం ఉంది. అది కూల్చదు, కూలిపోయిన గోడను తిరిగి కడుతుంది. మీరు పగలగొట్టుకుంటూ వస్తుంటే అవతలి టీమ్ వాడు కడుతూ ఉంటాడు. ఇక ఇంట్లో ఒక్కటే కంట్రోలర్ ఉంటే 'రెకింగ్ క్రూ' మోడ్ పెట్టుకోండి. నలుగురి వరకు కంట్రోలర్‌ను ఒకరి తర్వాత ఒకరు చేతులు మార్చుకుంటూ, ఇచ్చిన టైమ్‌లో ఎవరు ఎక్కువ కూల్చారో పోటీ పడొచ్చు. రూల్స్ చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.